నకామురా ఆన్‌లైన్ ఆట: చేతి వేగం వెనుక ఉన్న లెక్క

క్లుప్తంగా

అమెరికా చెస్ గ్రాండ్‌మాస్టర్ హికారు నకామురా ఆన్‌లైన్‌లో గెలుస్తున్నది మౌస్ వేగంతో అనుకుంటే సగమే నిజం. పెద్దగా ఆలోచించకుండా ఆడగలిగే ఓపెనింగులు (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుసలు), సెకన్లను ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసిన లెక్క, చెడిపోయిన ఆటను వదలకుండా లాగే ఓపిక కలిస్తేనే ఆ వేగం వస్తుంది. వేగాన్ని మాత్రమే అనుకరించే పిల్లలు బోర్డు ముందు కూర్చున్నప్పుడు ఓడిపోతున్నారు. ఆయన ఆటలో ఏది నేర్చుకోదగ్గది, ఏది అందరికీ పనికిరాదు, ఆన్‌లైన్ అలవాట్లు టోర్నీలో ఎక్కడ దెబ్బ తీస్తాయి అన్నవే ఈ విశ్లేషణలో ప్రధానాంశాలు.

చిక్కు ఎక్కడుంది

నల్గొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు చెస్ ఆడే పిల్లల్లో చాలామందికి ఇప్పుడు ఫోనే మొదటి బోర్డు. మంచి కోచ్‌లు, అంతర్జాతీయ చెస్ సమాఖ్య (ఫిడే) రేటింగ్ టోర్నీలు ఎక్కువగా హైదరాబాద్‌లోనే ఉంటాయి. నల్గొండ నుంచైనా పాలమూరు నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు పోయి రావాలి. ఆదివారం మొత్తం దానికే సరిపోతుంది, బస్సు ఛార్జీలు, ఎంట్రీ ఫీజు అదనం. ఫోన్‌లో మాత్రం ఏ వేళప్పుడైనా తన స్థాయి ప్రత్యర్థి పది సెకన్లలో దొరుకుతాడు. చిన్న ఊరి పిల్లలకు ఇది నిజంగా గొప్ప అవకాశం, దాన్ని తక్కువ చేసి చూడకూడదు.

ఆ పిల్లలు యూట్యూబ్‌లో ఇష్టంగా చూసే గ్రాండ్‌మాస్టర్లలో నకామురా ఒకరు. ఒక నిమిషం ఆటలో యాభై ఎత్తులు వేస్తూ, మధ్యలో ప్రేక్షకులతో మాట్లాడుతూ గెలిచేస్తుంటారు. చూసేవారికి కనిపించేది వేగమే. అదే పట్టుకుని రోజూ పదుల కొద్దీ బుల్లెట్, అంటే ఒక నిమిషం ఆటలు ఆడిన పిల్లవాడు, జిల్లా టోర్నీలో 25 నిమిషాల గడియారం ముందు కూర్చుని, ఆరేడు నిమిషాలు కూడా వాడకుండానే ఓడిపోయి లేస్తాడు. ఇంత ఆడినా బోర్డు మీద ఎందుకు రావడం లేదని తల్లిదండ్రులు, పీఈటీ సార్లు అడిగే ప్రశ్నకు జవాబు దొరకాలంటే, ఆ వేగం ఎక్కడి నుంచి పుడుతుందో ముందు చూడాలి.

ఆటగాడి నేపథ్యం

నకామురా 1987 డిసెంబర్ 9న జపాన్‌లోని హిరకాటాలో పుట్టి, రెండేళ్ల వయసులో అమెరికా చేరారు. శ్రీలంక మూలాలున్న కోచ్ సునీల్ వీరమంత్రి ఆయన సవతి తండ్రి, ఆయన శిక్షణలోనే పెరిగారు. 2003లో, 15 ఏళ్ల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యి, అమెరికా ఆటగాళ్లలో బాబీ ఫిషర్ పేరిట ఉన్న రికార్డును దాటారు. ఐదుసార్లు అమెరికా చాంపియన్. 2015 అక్టోబర్ ఫిడే జాబితాలో ఆయన క్లాసికల్ (గంటల తరబడి సాగే ఆట) రేటింగ్ 2816. అంటే వీడియోల వల్ల పేరొచ్చిన ఆటగాడు కాదు. పేరుకు చాలా ముందే ప్రపంచ అగ్రశ్రేణిలో ఉన్నారు.

ఆన్‌లైన్ ఆధిపత్యానికి గట్టి కొలబద్ద స్పీడ్ చెస్ చాంపియన్‌షిప్. 2018 నుంచి 2022 వరకు వరుసగా ఐదేళ్లు ఆయనే గెలిచారు. 2022 ఫైనల్‌లో అప్పటి ప్రపంచ చాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్‌ను 14.5–13.5 తేడాతో దాటారు. ఆ ఏళ్లలో మ్యాచ్ పద్ధతి ఇలా ఉండేది: 90 నిమిషాల పాటు 5 నిమిషాల ఆటలు, తర్వాత 60 నిమిషాల పాటు 3 నిమిషాల ఆటలు, చివరి 30 నిమిషాలు 1 నిమిషం ఆటలు. మూడింట్లోనూ ఎత్తుకు 1 సెకను అదనం. మూడు గంటలు ఆగకుండా సాగే ఈ పోటీలో ఒక్క వేగంలో మాత్రమే బాగా ఆడేవాడు నిలవడు. తర్వాతి ఏడాది, 2023లో, ఫైనల్ కార్ల్‌సన్ గెలిచారు.

గడియారం లెక్క

3 నిమిషాలకు ఎత్తుకు 1 సెకను కలిపే ఆటను తీసుకుందాం. టైటిల్డ్ ట్యూస్‌డే పేరుతో టైటిల్ ఉన్న ఆటగాళ్లకు జరిగే ఆన్‌లైన్ టోర్నీలో చాలాకాలంగా వాడిన వేగం ఇదే, 11 రౌండ్లు. మొదట చేతిలో ఉండేది 180 సెకన్లు.

అనుభవం తక్కువ ఉన్న ఆటగాడి ఖర్చు సాధారణంగా ఇలా నడుస్తుంది. మొదటి 12 ఎత్తులకు సగటున 5 సెకన్లు: 60 పోయి 12 తిరిగొస్తాయి, మిగిలింది 132. తర్వాత ఏదో చిక్కు వస్తుంది. మూడు ఎత్తులకు 30 సెకన్ల చొప్పున ఆలోచిస్తాడు: 90 పోయి 3 వస్తాయి, మిగిలింది 45. అప్పటికి 15 ఎత్తులే అయ్యాయి. ఇంకో 12 ఎత్తులకు 4 సెకన్ల చొప్పున తీసుకుంటే చివరికి 9 సెకన్లు ఉంటాయి. ఆట 27వ ఎత్తులో ఉంది, బోర్డు మీద ఇంకా సగం పావులున్నాయి. అక్కడి నుంచి అతను ఆడుతున్నది చెస్ కాదు, గడియారంతో పరుగు.

నకామురా లాంటి ఆటగాడి ఖర్చు వేరు. మొదటి 12 ఎత్తులు ఒక్కో సెకనులో వస్తాయి కనుక అదనపు సెకను దాన్ని పూడ్చేస్తుంది, 180 అలాగే ఉంటుంది. ఆట తిరిగే 15 ఎత్తులకు సగటున 9 సెకన్లు పెట్టినా 135 పోయి 15 వస్తాయి, మిగిలింది 60. చివరి 20 ఎత్తులు 2 సెకన్ల చొప్పున ఆడితే ఇంకా 40 సెకన్లు చేతిలో ఉంటాయి. రెండు లెక్కలనూ పక్కపక్కన పెడితే ఒక విషయం తేటతెల్లమవుతుంది: ఆట నడిమధ్యలో, అసలు ఆలోచించాల్సిన చోట, ఇద్దరూ దాదాపు సమానంగానే ఖర్చు పెట్టారు, అయినా 27వ ఎత్తుకు అతని దగ్గర 9 సెకన్లుంటే ఆయన దగ్గర 60 ఉన్నాయి. ప్రత్యర్థి ఓపెనింగులో పోగొట్టుకున్న సెకన్లు ఆయనకు ఆట చివరికి మిగులుతున్నాయి.

దీన్ని ఆచరణలో పెట్టడం అనుకున్నంత సులువు కాదు. 30 సెకన్ల ఆలోచన ఎందుకు వస్తుంది? రెండు మంచి ఎత్తులు సమానంగా కనిపించినప్పుడు వస్తుంది. బ్లిట్జ్‌లో, అంటే ఇలాంటి మూడు నుంచి ఐదు నిమిషాల ఆటల్లో, నకామురా బలం అక్కడే: రెండూ దాదాపు సమానమైతే రిస్క్ తక్కువున్నది వేసి ముందుకెళతారు. అత్యుత్తమ ఎత్తు కోసం వెతకడం ఆపేసి, చెడగొట్టని ఎత్తుతో సరిపెట్టుకోవాల్సిన చోటు ఏదో ఆయనకు తెలుసు. వేల ఆటల అనుభవం లేనివారు ఇదే పని చేయబోతే చెడగొట్టే ఎత్తే పడుతుంది, ఎందుకంటే రెండు ఎత్తులూ సమానమేనని తేల్చడానికి కూడా లెక్క కావాలి.

ఓపెనింగులు: ఇద్దరికీ పుస్తకం లేని చోటు

ఆన్‌లైన్ బ్లిట్జ్‌లో తెల్లపావులతో ఆయన తరచూ వాడే మొదటి ఎత్తు బి3, అంటే మంత్రి వైపున్న బంటును ఒక గడి జరపడం. తర్వాత ఒంటె బి2కి వస్తుంది. ఇక్కడి పిల్లలు ఒంటె అనే పావే బిషప్. అక్కడి నుంచి అది బోర్డు మధ్య మీదుగా ఎదుటి రాజు వైపున్న మూలను చూస్తుంది. ఆ తర్వాత ఈ3, గుర్రం ఎఫ్3, ఇంకో ఒంటె బయటికి, రాజును కోటలోకి (కాజ్లింగ్). ప్రత్యర్థి ఏం ఆడినా ఈ వరుస పెద్దగా మారదు.

సిద్ధాంతపరంగా బి3తో తెల్లపావులకు గొప్ప ఆధిక్యం రాదు. క్లాసికల్ టోర్నీలో, నెలల తరబడి కంప్యూటర్‌తో సిద్ధమైన ప్రత్యర్థి ముందు ఇది తక్కువ ఆశయమే అవుతుంది. అందుకే పెద్ద టోర్నీల్లో ఆయన ఆట బెర్లిన్ డిఫెన్స్, క్వీన్స్ గాంబిట్ డిక్లైన్డ్ వంటి గట్టి దారుల వైపు వెళ్తుంది. 3 నిమిషాల ఆటలో కొలత మారిపోతుంది. రూయ్ లోపెజ్ అనే పేరున్న ఓపెనింగు ఆడితే 2600 రేటింగ్ ప్రత్యర్థి 15 ఎత్తులు కంఠతా ఆడేస్తాడు, సెకను కూడా ఖర్చు కాదు. బి3 ఆడితే అతను మూడో ఎత్తు నుంచే సొంతంగా ఆలోచించాలి. నకామురా మాత్రం ఆ పొజిషన్లను ఇంతకుముందే లెక్కలేనన్ని సార్లు చూసి ఉంటారు. సమానమైన పొజిషన్, అసమానమైన గడియారం. ఆయన కొనుక్కుంటున్నది ఈ తేడానే.

ఇదే పద్ధతిలో తేలికగా మోసపోయే చోటు ఒకటుంది. 2021 మార్చిలో ఒక ఆన్‌లైన్ టోర్నీలో కార్ల్‌సన్, నకామురా రెండో ఎత్తులోనే రాజులను ముందుకు జరిపి, తర్వాత అవే ఎత్తులు తిరిగి ఆడి డ్రా చేసుకున్నారు. ఇద్దరూ అప్పటికే తర్వాతి దశకు అర్హత సాధించారు కనుక ఆ ఆట ఫలితంతో పని లేదు. బాంగ్‌క్లౌడ్ అని పిలిచే ఆ ఎత్తును బడి పిల్లలు ఇప్పటికీ ఆడుతుంటారు. ఈ2కి వెళ్లిన రాజు ఎఫ్1లోని ఒంటె దారిని, డీ1లోని మంత్రి ఏటవాలు దారిని ఒకేసారి మూసేస్తాడు, కోట కట్టే హక్కు కూడా పోతుంది. ఆన్‌లైన్ రేటింగ్ 3000 దాటిన ఆటగాడు 1500 మీద ఈ నష్టాన్ని భరించగలడు. సమాన స్థాయి ప్రత్యర్థి మీద ఎవరూ భరించలేరు.

ప్రీ-మూవ్: లాభం ఎక్కడ, గొయ్యి ఎక్కడ

ప్రత్యర్థి ఆలోచిస్తుండగానే మన తర్వాతి ఎత్తును ముందే పెట్టి ఉంచడం ప్రీ-మూవ్. ఆన్‌లైన్ చెస్ సైట్ చెస్.కామ్‌లో ఇలాంటి ఎత్తుకు 0.1 సెకను కోత పడుతుంది, ఒకటి కంటే ఎక్కువ ఎత్తులను వరుసగా పేర్చవచ్చు. ఇంకో సైట్ లీచెస్‌లో కోత లేదు, కానీ ఒకసారికి ఒక్క ఎత్తే. ఎత్తుకు 1 సెకను కలిసే ఆటలో చెస్.కామ్ ప్రీ-మూవ్ ఒక్కోటి 0.9 సెకను లాభం తెస్తుంది. పది వేస్తే 9 సెకన్లు పెరుగుతాయి. చివర్లో గడియారంలో 3 సెకన్లున్న నకామురా మళ్లీ 12కు చేరడంలో మాయ లేదు, ఈ కూడికే ఉంది.

గొయ్యి ఎలా ఉంటుందో బి3 ఓపెనింగులోనే చూడొచ్చు. తెల్లపావులు బి3. నల్లపావులు జి6 ఆడి, తర్వాతి ఎత్తుగా ఒంటె జి7ను ప్రీ-మూవ్‌గా పెట్టేశారు, కింగ్స్ ఇండియన్ అనే ఓపెనింగు ఆడేవారికి చేయి అలవాటుగా వెళ్లే ఎత్తు అది. తెల్లపావులు ఒంటెను బి2కి తెచ్చాయి. నల్ల ఒంటె వెంటనే జి7లో వాలింది. బి2 నుంచి జి7 దాకా మధ్యలో అడ్డం ఏమీ లేదు, జి7లోని ఒంటెకు కాపలా కూడా లేదు. తెల్ల ఒంటె దాన్ని కొట్టి అదే గడిలో నిలబడి హెచ్8లోని ఏనుగు మీదికి చూస్తుంది. ఆ ఏనుగు కదలడానికి దారి లేదు. మూడు ఎత్తుల్లో ఒంటె పోయింది, నాలుగో ఎత్తుకు ఏనుగు కూడా పోతుంది. ఆలోచించి ఆడి ఉంటే గుర్రాన్ని ఎఫ్6కు తేవడంతో ఇదంతా తప్పేది.

పైస్థాయి ఆటగాళ్లు ప్రీ-మూవ్‌ను అన్నిచోట్లా వాడరు. ఎదుటివాడు పావు కొడితే తిరిగి కొట్టడం తప్ప దారి లేనప్పుడు వాడతారు. రాజుకు ఒకే గడి మిగిలినప్పుడు వాడతారు. ఎదుటి పావులేవీ అందుకోలేని చోట బంటు పరిగెడుతున్నప్పుడు వాడతారు. ఈ మూడు సందర్భాల్లో ప్రత్యర్థి ఏం ఆడినా ఎత్తు మారదు. ప్రత్యర్థి ఎత్తును బట్టి మన ఎత్తు మారాల్సిన చోట ప్రీ-మూవ్ పెట్టడమంటే కళ్లు మూసుకుని ఆడడమే. తిరిగి కొట్టే ప్రీ-మూవ్‌కు ఇంకో రక్షణ కూడా ఉంది: ఎదుటివాడు ఆ గడిలో కొట్టకపోతే ఎత్తు చెల్లదు కనుక దానంతట అదే రద్దవుతుంది.

చెడిపోయిన ఆటను లాగడం

ఆయన ఆటలో తక్కువగా చర్చకు వచ్చే బలం ఇది, నిజానికి అన్నిటికంటే విలువైనది కూడా. ఓడిపోయే పొజిషన్‌లో చాలామంది చేసే తప్పు, ఒక్క దెబ్బతో ఆట తిప్పాలని చూడడం. నకామురా అలా చేయరు. ప్రత్యర్థి ప్రతి ఎత్తుకూ ఒక చిన్న ప్రశ్న వేస్తుంటారు: ఈ బంటును కాపాడుకుంటావా, ఈ చెక్‌కు రాజును ఎటు జరుపుతావు, ఈ ఏనుగును మార్చుకుంటావా. ఒక్కో ప్రశ్నకు మూడు సెకన్లు పోతాయి. గెలవాల్సిన పొజిషన్ బోర్డు మీద అలాగే ఉంటుంది, గెలవడానికి కావలసిన సమయం మాత్రం కరిగిపోతుంది.

ఈ స్వభావానికి పాత ఉదాహరణ 2008లోని ఒక 3 నిమిషాల ఆట. ప్రత్యర్థి అప్పటి అత్యంత బలమైన చెస్ ప్రోగ్రాముల్లో ఒకటైన రిబ్కా. నకామురా నల్లపావులతో బంట్లన్నీ ఎదురెదురుగా బిగిసిపోయేలా పొజిషన్‌ను మూసేసి, ఏనుగులిచ్చి చిన్న పావులు తీసుకుని, ఊరికే పావులను అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నారు. బంటు కదలకుండా, పావు పోకుండా 50 ఎత్తులు గడిస్తే డ్రా. పావుల విలువ ప్రకారం తనదే పైచేయి అనుకున్న ప్రోగ్రాం డ్రాను తప్పించడానికి తన పావునే వదులుకుని పొజిషన్ తెరిచింది, ఓడింది. ఆట 271 ఎత్తులు సాగింది. 180 సెకన్లను 271తో భాగిస్తే ఎత్తుకు సెకనులో మూడింట రెండు వంతులు. చేతి వేగం లేకుండా అది సాధ్యం కాదన్నది నిజమే. ఆటను గెలిపించింది మాత్రం ప్రోగ్రాం డ్రాను ఎలా లెక్కిస్తుందో తెలిసి ఉండడం.

46 ఆటల వివాదం

2023 నవంబర్‌లో మాజీ ప్రపంచ చాంపియన్ వ్లాదిమిర్ క్రామ్నిక్ నకామురా ఆన్‌లైన్ ఫలితాలపై అనుమానాలు లేవనెత్తారు. 46 బ్లిట్జ్ ఆటల్లో 45.5 పాయింట్లు సాధించిన ఒక వరుస చర్చకు కేంద్రమైంది. చెస్.కామ్ ఆ వరుసను పరిశీలించి, ఆయన స్థాయికి అది అసాధ్యమేమీ కాదని, తప్పు జరిగినట్టు ఆధారం లేదని తేల్చింది. గణాంకాలు తెలియనివారికి 45.5 అన్న అంకె అనుమానంగానే కనిపిస్తుంది. లెక్క చేసి చూస్తే బొమ్మ మారుతుంది.

రేటింగ్ లెక్కగట్టే ఈలో (Elo) సూత్రం ప్రకారం రేటింగ్ తేడా 200 ఉంటే బలమైన ఆటగాడు ఆటకు సగటున 0.76 పాయింట్లు సాధించాలి. తేడా 400 అయితే 0.91, తేడా 600 అయితే 0.97. బ్లిట్జ్‌లో డ్రాలు తక్కువ కనుక వీటిని గెలుపు అవకాశంగానే అనుకుందాం. ఒక్కో ఆటకు 0.97 ఉంటే వరుసగా 46 గెలిచే అవకాశం దాదాపు 25 శాతం. 0.91 అయితే 1.3 శాతం. ఒకటిన్నర శాతం కూడా లేదనిపించవచ్చు, కానీ ఆయన ఆన్‌లైన్‌లో ఆడిన ఆటలు వేలల్లో ఉన్నాయి. 4,600 ఆటలను 46 చొప్పున విడదీస్తే 100 గుంపులు. గుంపుకు 1.3 శాతం చొప్పున 100 గుంపుల్లో అలాంటిది ఒకటి రావడం మామూలే. ఆ వరుసలో చాలామంది ప్రత్యర్థులు రేటింగ్‌లో ఆయనకు బాగా కింద ఉన్నవారే.

తప్పు జరుగుతున్నది అంకె దగ్గర కాదు, ఎంచుకునే పద్ధతి దగ్గర. వేల ఆటల్లోంచి అత్యంత అరుదుగా కనిపించే వరుసను ఏరి, అది ముందే నిర్ణయించిన పరీక్ష అన్నట్టు అవకాశం లెక్కగడితే ఎవరైనా దోషిగానే కనిపిస్తారు. ఈ పద్ధతి ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లో పిల్లల మీద కూడా వాడుతున్నారు. పక్క ఊరి పిల్లవాడు వరుసగా 12 ఆటలు గెలిస్తే ఇంజిన్ (చెస్ ప్రోగ్రాం) వాడాడని రాసేస్తారు. అలా రాసేముందు ఎదుటివాళ్ల రేటింగ్ ఎంత, మొత్తం ఎన్ని ఆటల్లోంచి ఈ 12 ఏరారు అని చూడడం కనీస న్యాయం.

ఇదే లెక్క బోర్డు చెస్‌లోనూ పెద్ద చర్చ తెచ్చింది. ప్రపంచ చాంపియన్‌తో తలపడేవారిని తేల్చే క్యాండిడేట్స్ టోర్నీకి రేటింగ్ ద్వారా అర్హత పొందాలంటే 40 క్లాసికల్ ఆటలు ఆడి ఉండాలన్న నిబంధన వల్ల నకామురా 2025లో లూసియానా రాష్ట్ర చాంపియన్‌షిప్, అయోవా ఓపెన్ వంటి చిన్న టోర్నీల్లో ఆడారు. తేడా 400 దాటి ఎంతున్నా 400గానే లెక్కించే పాత నియమం ప్రకారం, ఎంత తక్కువ రేటింగ్ ఆటగాడిని ఓడించినా ఆయనకు 0.8 పాయింటు చేరేది. 2650, ఆపై రేటింగ్ ఉన్నవారికి ఆ సౌకర్యాన్ని ఫిడే 2025 అక్టోబర్ నుంచి తీసేసింది.

బోర్డు మీదికి వచ్చేసరికి

ఆన్‌లైన్‌లో ఐదేళ్లు తిరుగులేని ఆటగాడు ఫిడే ప్రపంచ బ్లిట్జ్ టైటిల్ మాత్రం ఇంతవరకు గెలవలేదు. 2019లో మాస్కోలో టైబ్రేక్ దాకా వెళ్లి కార్ల్‌సన్ చేతిలో ఓడారు. బోర్డు మీద ప్రీ-మూవ్ లేదు, తాకిన పావునే ఆడాలి, చేయి కదిలించి గడియారం నొక్కడానికే ఎత్తుకు అర సెకను పైగా పడుతుంది. ఆన్‌లైన్‌లో ఆయన కూడబెట్టుకునే సెకన్లలో కొంత ఇక్కడ పుట్టదు. బలం పోలేదు, బలాన్ని పెంచే పనిముట్టు ఒకటి తగ్గింది.

ఆన్‌లైన్ ఆట క్లాసికల్‌ను చెడగొడుతుందన్న వాదనకు మాత్రం ఆయన కెరీరే గట్టి ప్రత్యుత్తరం. రెండేళ్లకు పైగా క్లాసికల్ టోర్నీలకు దూరంగా ఉండి, 2022 ఫిబ్రవరిలో బెర్లిన్ గ్రాండ్ ప్రి ఆడి గెలిచారు. 2024 క్యాండిడేట్స్‌లో 8.5 పాయింట్లతో, గెలిచిన గుకేశ్‌కు అర పాయింటు దూరంలో నిలిచారు. అదే టోర్నీలో ఆయన్ను రెండు ఆటల్లోనూ ఓడించింది భారత ఆటగాడు విదిత్ గుజరాతీ. ఎదుటివాడి దగ్గర రెండు గంటల సమయం ఉన్నప్పుడు చిన్న చిన్న ప్రశ్నలతో అలసిపోయేలా చేయడం కుదరదు. లోతుగా సిద్ధమై వచ్చిన ఒక ఆలోచన అక్కడ ఆటనే తేల్చగలదు.

మన రాష్ట్రం నుంచి పోల్చదగ్గ ఆటగాడు వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఎరిగైసి. 2018లో గ్రాండ్‌మాస్టర్ అయ్యారు, 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద వ్యక్తిగత స్వర్ణం గెలిచారు, 2024 డిసెంబర్ ఫిడే జాబితాలో 2801కు చేరారు. ఆనంద్ తర్వాత ఆ జాబితాలో 2800 దాటిన భారతీయుడు ఆయనే. అర్జున్ సమానమైన పొజిషన్‌ను సమానంగా వదలరు. తనకూ ఎదుటివారికీ కష్టమయ్యే దారి ఎంచుకుని, ఎక్కువ లెక్క చేయగలనన్న నమ్మకంతో పోరాడతారు. నకామురా తన వైపు కష్టాన్ని తగ్గించుకుని భారమంతా ఎదుటివారి గడియారం మీదికి తోస్తారు. 1600 లోపు ఉన్న పిల్లలకు అర్జున్ దారే ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే లెక్క చేయడం నేర్చుకునే వయసులో లెక్కను తప్పించే పద్ధతి అలవాటైతే ఆట అక్కడే ఆగిపోతుంది.

ఫోన్‌లో ఆడే పిల్లలకు

మొదట వేగం ఎంపిక. జిల్లా టోర్నీల్లో ఎక్కువగా ఉండేది ర్యాపిడ్ (పది నిమిషాలు దాటి గంటలోపు ఆట) కనుక ఫోన్‌లోనూ 10 నిమిషాలకు 5 సెకన్లు, లేదా 15 నిమిషాలకు 10 సెకన్లు కలిపే ఆటలు ఎంచుకోవాలి. బ్లిట్జ్ కొత్త ఓపెనింగును పరీక్షించడానికి పనికొస్తుంది. బుల్లెట్‌తో నేర్చుకునేది చాలా తక్కువ.

రేటింగ్‌ను చూసి మోసపోకూడదు. చెస్.కామ్, లీచెస్ రెండూ గ్లికో కుటుంబానికి చెందిన పద్ధతులు వాడతాయి, ఫిడే వాడేది ఈలో. లీచెస్‌లో కొత్త ఆటగాడి లెక్క 1500 దగ్గర మొదలవుతుంది. ఫిడేలో 2024 మార్చి నుంచి 1400 కంటే తక్కువ రేటింగ్ లేదు. ఆన్‌లైన్ 1600ను ఫిడే 1600 అనుకుని ఎంట్రీ ఫీజు కట్టి వెళితే మొదటి రౌండులోనే నిరాశ ఎదురవుతుంది.

సెట్టింగుల్లో ప్రీ-మూవ్ ఆపేయాలి. పావు ఎక్కడికి వెళ్లగలదో చూపించే చుక్కలను కూడా ఆపేయాలి. బోర్డు మీద ఆ చుక్కలు ఉండవు, వాటికి అలవాటైన కన్ను దూరం నుంచి వచ్చే ఒంటెను చూడదు. చిన్న తెరపై పావును లాగేటప్పుడు వేలు జారి పక్క గడిలో పడుతుంది కనుక, పావును ఒకసారి, గడిని ఒకసారి తాకే పద్ధతి మేలు. వాట్సాప్ కాల్ వస్తే ఆట కిందికి పోతుంది, గడియారం మాత్రం ఆగదు. ఆడేముందు నోటిఫికేషన్లు ఆపాలి. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు నల్లమల అంచు ఊళ్లలో సిగ్నల్ నిలకడగా లేకపోతే బ్లిట్జ్ జోలికి పోకపోవడమే మంచిది. సర్వర్ కొంత ఆలస్యాన్ని సరిచేస్తుంది కానీ దానికి హద్దు ఉంటుంది. ఎత్తుకు పావు సెకను పోయినా 60 ఎత్తులకు 15 సెకన్లు, ఒక నిమిషం ఆటలో నాలుగో వంతు.

ఆట అయ్యాక రెండు సైట్లలోనూ ఒక్కో ఎత్తుకు ఎంత సమయం పట్టిందో కనిపిస్తుంది. ఇంజిన్ నంబర్ల కంటే ముందు ఆ పట్టీ చూడాలి. రెండు సెకన్లలోపు వేసి పావు పోగొట్టుకున్న ఎత్తులు ఎన్ని, అరనిమిషం పైగా ఆలోచించినా ఏమీ మారని ఎత్తులు ఎన్ని అని గుర్తించాలి. మొదటి రకం ఎక్కువుంటే వేగం తగ్గించాలి. రెండో రకం ఎక్కువుంటే ఆ ఓపెనింగులో తర్వాత ఏం చేయాలో తెలియడం లేదని అర్థం, అదే ఓపెనింగులో పెద్ద ఆటగాళ్ల ఆటలు నాలుగైదు బోర్డు మీద పేర్చి చూడాలి.

ఫోన్‌కు, బోర్డుకు మధ్య అసలు దెబ్బ తగిలేది నియమాల దగ్గర. ఫోన్ చెల్లని ఎత్తును వేయనివ్వదు. రాజుకు చెక్ ఉన్నా చూడకుండా వేరే పావు కదిపితే అది కదలదు, నష్టమూ ఉండదు. టోర్నీలో అలా వేసి గడియారం నొక్కితే అది చెల్లని ఎత్తు. ర్యాపిడ్‌లో మొదటిసారి ప్రత్యర్థికి 2 నిమిషాలు, బ్లిట్జ్‌లో 1 నిమిషం అదనంగా ఇస్తారు. రెండోసారి జరిగితే సాధారణంగా ఆటే పోతుంది. కోట కట్టేటప్పుడు రాజును ఒక చేత్తో, ఏనుగును ఇంకో చేత్తో జరిపినా అదే శిక్ష. ఫోన్‌లో బంటు చివరి గడికి చేరగానే మంత్రి దానంతట అదే వస్తుంది, లేదా ఏ పావు కావాలో ఫోనే అడుగుతుంది. టోర్నీలో బంటును ఎనిమిదో వరుసలో వదిలి గడియారం నొక్కితే చెల్లని ఎత్తుగా రాస్తారు, బంటు స్థానంలో మంత్రిని పెట్టినా ప్రత్యర్థికి అదనపు సమయం వెళ్తుంది. టోర్నీకి వారం ముందు నుంచి ఇంట్లో నిజమైన బోర్డు, గడియారం పెట్టుకుని ఈ మూడు పనులనూ ఒకే చేత్తో, ముందు పావు తర్వాత గడియారం అన్న వరుసలో సాధన చేయాలి. బోర్డు పక్కన అదనంగా ఒక మంత్రిని ఉంచుకోవడం మరవకూడదు.